చిగురు నుంచి గుండె దాకా

(స్మారకోపన్యాస పాఠం)



ఎవరి జ్ఞాపకార్థం ఇక్కడ చేరామో ఆయన తన పేరును ఆస్పత్రి బోర్డు మీద తప్ప ఇంకెక్కడా రాయించుకోలేదు. శిలాఫలకాల మీద పేర్లు చూస్తే చిరాకుపడేవారు. అందుకని నేను కూడా ఈ ఊరంతా పిలిచినట్టే ఆయన్ను పళ్ళ డాక్టరుగారు అనే అంటాను. ఆయనకు అది సరిపోతుంది.

పళ్ళ డాక్టరుగారి పేరున జరిగే సభకు గుండె డాక్టరును పిలిచారేమిటని ముందు వరసలో ఎవరో అనుకోవడం విన్నాను. అందుకు కారణం ఒక చీటీ. నేను ఈ ఊళ్ళో ప్రాక్టీసు పెట్టిన కొత్తలో, అంటే 1990ల మొదట్లో, బీపీకి నిఫెడిపిన్ మాత్ర ధారాళంగా రాసేవాళ్ళం. నా దగ్గర ఆ మాత్ర వాడుతున్న ఒకాయన ఒకనాడు చేతిలో చిన్న చీటీతో వచ్చారు. మందుల కంపెనీ ప్యాడ్ మీద కాదు, పాత నోటుపుస్తకంలో చింపిన కాగితం మీద రెండు వాక్యాలు: "ఈయన చిగుళ్ళు పళ్ళ మీదికి ఎక్కుతున్నాయి. కారణం నా దగ్గర లేదు, మీ మందుల చీటీలో ఉంది." కింద సంతకం.

నాకు ఒళ్ళు మండింది. పళ్ళు పీకేవాడు నాకు బీపీ మందు చెప్పడమేమిటని అనుకున్నాను. అలా అనుకున్నానని ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుపడటం లేదు. ఆ రాత్రి పుస్తకం తిరగేస్తే ఆయన రాసింది అక్షరాలా నిజం. నిఫెడిపిన్, ఆ కుటుంబానికే చెందిన అమ్లోడిపిన్, కొందరిలో చిగుళ్ళను ఉబ్బిస్తాయి. అమ్లోడిపిన్‌లో తక్కువ, నిఫెడిపిన్‌లో ఎక్కువ. పాచి పట్టిన నోట్లో మరీ ఎక్కువ. మాత్ర మార్చాను. ఆయన గార తీశారు. కొన్ని నెలల్లో చిగుళ్ళు తగ్గాయి. ఆ పేషెంటు నోరు అంతకుముందు నేను ఎప్పుడైనా చూశానా అంటే నాలుక చాపమని చూశాను. చిగుళ్ళు చూడలేదు.

మమ్మల్ని అలాగే తయారుచేశారు. ప్రపంచంలో మొదటి పళ్ళ కాలేజీని 1840లో అమెరికాలోని బాల్టిమోరులో వైద్య కళాశాలతో సంబంధం లేకుండా విడిగా పెట్టారు. అప్పటినుంచి నోటిని ఒకరికీ మిగతా ఒంటినంతా ఇంకొకరికీ పంచేశారు. మన దేశంలో కూడా 1948లో డెంటిస్టుల చట్టాన్ని వేరుగా తెచ్చారు, మండలిని వేరుగా పెట్టారు. అన్నదమ్ములు వేరుపడినప్పుడు గట్టు తగాదాలు వస్తాయి కదా, ఇక్కడ అవి కూడా రాలేదు. గట్టుకు అవతల ఏముందో ఎవరూ తొంగిచూడలేదు, అంతే.

ఇక రెండో సంగతి. కొన్నేళ్ళ తర్వాత ఆయన గదిలో గోడకు ఒక కంపెనీ ఇచ్చిన క్యాలెండరు వేలాడుతూ కనిపించింది. ఎర్రటి గుండె బొమ్మ, దానికి తెల్లటి పళ్ళు, కింద "చిగుళ్ళను కాపాడుకోండి, గుండెపోటును నివారించండి" అని. మర్నాడు వెళ్ళేసరికి లేదు. అడిగితే, "తీసేయించానయ్యా. అది ఇంకా రుజువు కాలేదు" అన్నారు. నా చేత రోగుల నోళ్ళు చూపించిన మనిషే, ప్రతి గుండె రోగినీ చిగుళ్ళ పరీక్షకు పంపమని నా వెంటపడిన మనిషే, ఆ క్యాలెండరును ఎందుకు తీసేయించారు? ఈ పూట నేను చెప్పబోయేదంతా ఆ ప్రశ్నకు జవాబే.

మొదట చిగుళ్ళ జబ్బంటే ఏమిటో చూద్దాం. మన ఊళ్ళల్లో పయోరియా అంటారు. పంటి మీద మెత్తగా పేరుకునేది పాచి. దాన్ని తీయకుండా వదిలేస్తే లాలాజలంలోని ఖనిజాలు చేరి గట్టిపడి గార అవుతుంది. పాచి అంటే అన్నం మెతుకుల మురికి కాదు, కోట్ల సూక్ష్మజీవులు కట్టుకున్న కాలనీ. 1965లో డెన్మార్కులోని ఆర్హుస్‌లో హెరాల్డ్ లోయె అనే ఆయన 12 మంది ఆరోగ్యవంతుల చేత పళ్ళు తోముకోవడం మాన్పించారు. 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్ళు వాచాయి. మళ్ళీ తోముకోవడం మొదలుపెట్టగానే తగ్గాయి. ఇంత చవకైన, ఇంత తేటతెల్లమైన ప్రయోగం వైద్యంలో అరుదు.

అదే లోయె బృందం 1970లో శ్రీలంక తేయాకు తోటలకు వెళ్ళింది. అక్కడి 480 మంది మగ కూలీలకు బ్రష్షు అలవాటు లేదు, పళ్ళ డాక్టరు మొహం చూసి ఎరగరు. 15 ఏళ్ళపాటు వాళ్ళ నోళ్ళను మళ్ళీ మళ్ళీ పరీక్షించారు. అందరి పళ్ళ నిండా గారే. అయినా నూటికి 8 మందిలో జబ్బు వేగంగా ముదిరి పళ్ళు రాలిపోయాయి. 81 మందిలో నింపాదిగా నడిచింది. మిగిలిన 11 మందిలో చిగుళ్ళ వాపు దాటి ముందుకే పోలేదు. అంటే మురికి ఒక్కటే చాలదు. ఆ మురికికి ఒక్కొక్క ఒళ్ళు ఒక్కొక్క రకంగా జవాబు చెబుతుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, గుండె దగ్గర మళ్ళీ పనికొస్తుంది.

వాపు చిగుళ్ళ దగ్గరే ఆగితే ఇబ్బంది లేదు. కొందరిలో పంటికీ చిగురుకూ మధ్య అతుకు ఊడి, సందు లోతవుతుంది. మామూలుగా మూడు మిల్లీమీటర్లకు మించని సందు ఆరూ ఏడూ అవుతుంది. లోపల ఎముక కరుగుతుంది. సుశ్రుతుడు దంతమూల రోగాలు 15 అని లెక్కపెట్టి, వాటిలో దంతవేష్టమనేదాన్ని చీమూ నెత్తురూ కారి పళ్ళు కదిలే జబ్బుగా వర్ణించాడు. అంటే జబ్బు కొత్తది కాదు. దీనితో వచ్చిన చిక్కల్లా నొప్పి లేకపోవడమే. పిప్పి పన్ను రాత్రి నిద్రపోనివ్వదు కాబట్టి తెల్లారగానే డాక్టరు దగ్గరికి పరుగెత్తుతాం. చిగుళ్ళు ఇరవై ఏళ్ళు కూడా చప్పుడు చేయవు. బ్రష్షుకు కాస్త నెత్తురు అంటుకుంటే "గట్టిగా తోమాను కాబోలు" అనుకుంటాం. అక్కడ తోమడం మానేస్తాం కూడా. మోచేతి మీద రోజూ నెత్తురు కారితే ఊరుకుంటామా?

ఆ పుండు ఎంత ఉంటుంది? నోరు మూస్తే కనపడదు కాబట్టి ఎవరికీ అంచనా ఉండదు. అరచేయంత అని పళ్ళ డాక్టర్లు చెప్పుకునేవారు. 2001లో ఫిలిప్ హూయోల్ అనే పరిశోధకుడు లెక్కగట్టి, అంత కాదు, 8 నుంచి 20 చదరపు సెంటీమీటర్లు ఉంటుందని తేల్చారు. ఆ లెక్క వచ్చాక పళ్ళ డాక్టరుగారు అరచేయి చూపించడం మానేసి రెండు వేళ్ళు చూపించడం మొదలుపెట్టారు. ఆయన పద్ధతి అది.

ఇక్కడ ఒక పక్కమాట. గార తీయించుకుంటే పళ్ళు కదులుతాయనీ, సందులు పడతాయనీ మన దగ్గర గట్టి నమ్మకం. పళ్ళు అంతకుముందే కదులుతున్నాయి, గార సిమెంటులా పట్టి ఉంచింది. సందులూ అంతకుముందే ఉన్నాయి, గార పూడ్చింది. గార తీసిన చేతికి నింద వచ్చింది.

సరే, గుండె సంగతికి వద్దాం. నోటి నుంచి గుండెకు రెండు దారులున్నాయని అంటారు. ఒకటి రాజబాట, దాని మీద ఎవరికీ అనుమానం లేదు. రెండోది పొలాలకు అడ్డంపడి పోయే కాలిబాట. అది అసలు గమ్యం చేరుతుందా లేదా అన్నదే వివాదం.

రాజబాట గుండె కవాటాలది. కవాటం ముందే దెబ్బతిని ఉంటే, లేదా తీసి కృత్రిమ కవాటం అమర్చి ఉంటే, నెత్తుట్లో తిరిగే సూక్ష్మజీవులు అక్కడ అంటుకుని గూడు కట్టుకోగలవు. పేరు ఎండోకార్డైటిస్. నోట్లో కాపురముండే స్ట్రెప్టోకోకస్ జాతికి ఇందులో పెద్ద వాటా ఉంది. 1935లో లండన్‌లో ఒకెల్, ఎలియట్ అనే ఇద్దరు 138 మందికి పన్ను పీకిన వెంటనే నెత్తురు తీసి కల్చరు చేస్తే, వందకు 61 మంది నెత్తుట్లో సూక్ష్మజీవులు దొరికాయి. చిగుళ్ళు బాగా చెడినవాళ్ళలో ఇంకా ఎక్కువ. వాటిలో చాలా మటుకు కొద్ది నిమిషాల్లో మన ఒళ్ళే ఏరేస్తుంది. దెబ్బతిన్న కవాటం మీద మాత్రం ఒక్కోసారి ఏరలేకపోతుంది.

దీన్ని నేను పుస్తకంలో చదివాను, తర్వాత నా చేతుల మీదుగా నేర్చుకున్నాను. చిన్నప్పటి కీళ్ళవాతపు జ్వరం వల్ల కవాటం చెడిన ఒక యువతికి వారాల తరబడి జ్వరం. టైఫాయిడ్ అన్నారు, మలేరియా అన్నారు, అన్నిటికీ మందులు వాడారు. నా దగ్గరికి వచ్చాక నేను కూడా మూడు రోజులు పొరపాటుదారినే నడిచాను. అప్పటికే యాంటీబయాటిక్స్ పడి ఉన్నాయి కాబట్టి కల్చరులో ఏదీ పెరగలేదు. ఎకో తీస్తే కవాటం మీద రెపరెపలాడుతూ ఒక కండ. అప్పుడు నోరు తెరిపించాను. ఆ తర్వాత ఆరు వారాలు సూదిమందు. బతికింది. ఆమె నోటిని మొదటిరోజే చూసి ఉంటే మూడు రోజులు ముందుగా సరైన దారి పట్టేవాణ్ణి. ఈ మాట పళ్ళ డాక్టరుగారు నాతో అనలేదు. ఆయన అనకపోవడమే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

మరి పన్ను పీకేముందు కవాటం జబ్బున్న అందరికీ యాంటీబయాటిక్ ఇస్తే సరిపోదా? 1955 నుంచి అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఇంచుమించు ఆ దారినే పోయింది. 2007లో వెనక్కి తగ్గింది. కృత్రిమ కవాటాలున్నవాళ్ళు, ఇదివరకే ఈ జబ్బు వచ్చి తగ్గినవాళ్ళు, కొన్ని రకాల పుట్టు గుండెజబ్బులున్నవాళ్ళు, గుండె మార్పిడి తర్వాత కవాటం చెడినవాళ్ళు, వీళ్ళకు చాలన్నారు. ఇంగ్లండులో 2008లో ఎవరికీ వద్దన్నారు. 2016లో ఆ వాక్యంలో "మామూలుగా" అనే ఒక్క మాట చేర్చి తలుపు ఓరగా తెరిచారు. ఎందుకీ వెనకడుగు? 2008లో పీటర్ లాక్‌హార్ట్ బృందం 290 మంది మీద చేసిన పరిశోధన చూస్తే అర్థమవుతుంది. పన్ను పీకినప్పుడు నూటికి 60 మంది నెత్తుట్లో సూక్ష్మజీవులు కనిపించాయి. ముందుగా అమాక్సిసిలిన్ ఇస్తే అది 33కు తగ్గింది. అయితే ఊరికే బ్రష్షుతో తోముకున్నవాళ్ళలో కూడా 23 మందిలో కనిపించాయి. పన్ను పీకించుకోవడం జీవితంలో రెండుసార్లో మూడుసార్లో. తోముకోవడం రోజూ. అలాంటప్పుడు ఎప్పుడో ఒకసారి మింగే మాత్ర కన్నా రోజూ నెత్తురు రాని చిగురే పెద్ద రక్ష. మీ ఇంట్లో కవాటం జబ్బున్నవాళ్ళుంటే ఆ మాత్ర వాళ్ళకు కావాలా వద్దా అన్నది వాళ్ళ డాక్టరునే అడగండి. పక్కింటివాళ్ళ చీటీ చూసి వేసుకోవద్దు.

కాలిబాట మీదికి దిగేముందు నూరేళ్ళ కిందటి ఒక అనర్థం చెప్పాలి. పళ్ళ డాక్టరుగారికి ఈ కథ కంఠతా వచ్చేది. 1910లో విలియం హంటర్ అనే బ్రిటిష్ వైద్యుడు కెనడాలోని మాంట్రియల్‌లో ప్రసంగిస్తూ, చీము పట్టిన పళ్ళ మీద బంగారు తొడుగులు వేసే దంతవైద్యాన్ని దుమ్మెత్తిపోశాడు. ఆయన అన్నదాంట్లో నిజం ఉంది. తర్వాత షికాగోలో ఫ్రాంక్ బిల్లింగ్స్ లాంటి పెద్ద వైద్యులు, నోట్లో ఎక్కడో దాగిన చీమే కీళ్ళనొప్పులకూ మూత్రపిండాల జబ్బుకూ గుండెజబ్బుకూ మూలమన్నారు. ఇక చూడండి, పళ్ళ మీద దండయాత్ర. ఏ జబ్బుకు కారణం తెలియకపోయినా పళ్ళు పీకడమే. న్యూజెర్సీలోని ట్రెంటన్ మానసిక వైద్యశాలలో హెన్రీ కాటన్ అనే సూపరింటెండెంటు పిచ్చి కుదుర్చుతానని రోగుల పళ్ళు వేలల్లో పీకించాడు. అది చాలక టాన్సిల్స్, ఆపైన పేగులు కూడా కోయించాడు. చాలామంది చనిపోయారు. 1930ల చివరికి వచ్చేసరికి, పళ్ళు పీకించుకున్నవాళ్ళ కీళ్ళనొప్పులు ఎక్కడివక్కడే ఉన్నాయని లెక్కలు తేలి ఆ వెర్రి చల్లారింది. అయితే దాంతోపాటు నోటికీ ఒంటికీ సంబంధముందన్న మాట కూడా యాభై ఏళ్ళు పూడిపోయింది. అబద్ధాన్ని పారబోస్తూ నిజాన్ని కూడా పారబోశారు. క్యాలెండరు తీసేయించిన మనిషి మనసులో ఉన్న భయం ఇదే.

ఆ మాటను మళ్ళీ తవ్వితీసింది ఫిన్లాండు. 1989లో కిమ్మో మాటిలా బృందం, గుండెపోటు వచ్చిన 100 మంది నోళ్ళను, రాని 102 మంది నోళ్ళతో పోల్చింది. గుండెపోటు వచ్చినవాళ్ళ నోళ్ళు అధ్వాన్నంగా ఉన్నాయి. 1993లో అమెరికాలో 9,760 మందిని ఏళ్ళ తరబడి గమనించిన లెక్కల్లో, చిగుళ్ళ జబ్బున్నవాళ్ళకు గుండెజబ్బు ముప్పు నాలుగో వంతు ఎక్కువని వచ్చింది. యాభై లోపు మగవాళ్ళలో 1.72 రెట్లు. స్కాట్లాండులో 11,869 మందిని అడిగి చూస్తే, రోజుకు ఒక్కసారైనా సరిగా తోముకోనివాళ్ళకు, రెండుసార్లు తోముకునేవాళ్ళకన్నా గుండెజబ్బుల ముప్పు 1.7 రెట్లు. 2016లో స్వీడన్‌లో తొలి గుండెపోటు వచ్చిన 805 మందికి, అదే వయసు, అదే ఊరు, పోటు రాని 805 మందికి దవడ ఎక్స్‌రేలు తీశారు. పోటు వచ్చినవాళ్ళలో నూటికి 43 మందికి చిగుళ్ళ జబ్బుంటే, రానివాళ్ళలో 33 మందికి ఉంది. పొగ, మధుమేహం, చదువు లాంటివన్నీ లెక్కలోంచి తీసేశాక కూడా 28 శాతం తేడా మిగిలింది.

ఇవి చిన్న అంకెలు కావు. అయినా ఇక్కడ ఆగి ఆలోచించాలి. కాలువకు నీళ్ళు వదిలిన నెలలో నాట్లు పడతాయి, దోమలూ పెరుగుతాయి. నాట్లు వేయడం వల్ల దోమలొచ్చాయని ఎవరూ అనరు, రెండింటికీ మూలం కాలువ. చిగుళ్ళకూ గుండెకూ మధ్య కాలువ పొగాకు. ఆ పక్క కాలువ మధుమేహం. పైన ఆనకట్ట పేదరికం. చుట్ట, బీడీ, సిగరెట్టు తాగేవాడి చిగుళ్ళు చెడతాయి, గుండె నాళాలూ చెడతాయి. పైగా పొగాకు చేసే మోసం ఒకటుంది. చిగుళ్ళ నెత్తురు కారడాన్ని అది తగ్గించి చూపిస్తుంది. లోపల ఎముక కరుగుతూ ఉంటే పైకి చిగురు పొడిగా, గట్టిగా కనిపిస్తుంది. ఉత్తరాంధ్ర తీరంలో నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్ళను చూసినప్పుడు మేమంతా అంగిలి క్యాన్సరు కోసమే వెతికాం. అదే నోట్లోని చిగుళ్ళ గురించి ఒక్కరం అడగలేదు.

మధుమేహం సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే అక్కడ రుజువు గట్టిగా ఉంది. షుగరు అదుపులో లేకపోతే చిగుళ్ళు చెడతాయి. చెడిన చిగుళ్ళు షుగరును ఇంకా పెంచుతాయి. చిగుళ్ళకు వైద్యం చేస్తే మూడు నాలుగు నెలల్లో షుగరు సగటును చూపే హెచ్‌బీఏ1సీ సుమారు 0.4 శాతం మేర తగ్గుతుందని అనేక పరిశోధనలను కలిపి చూస్తే తేలింది. కొత్తగా ఇంకో మాత్ర చేర్చితే వచ్చేంత లాభం కాకపోయినా దాని దరిదాపుల్లోదే. మా గుండె ఓపీలో షుగరు లేనివాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టాలి. కాబట్టి చిగుళ్ళ వైద్యం గుండెకు తిన్నగా మేలు చేస్తుందో లేదో తేలేలోగా, షుగరు గుమ్మంలోంచి ఎంతో కొంత చేస్తుందని నేను నమ్ముతాను.

ఇక ఒంట్లో జరిగేదేమిటి? చిగుళ్ళ పుండు నుంచి సూక్ష్మజీవులు అప్పుడప్పుడు నెత్తుట్లోకి జారతాయి. మెడ ధమనుల్లోంచి తీసిన 50 కొవ్వు పూడికలను పరీక్షిస్తే 44 శాతంలో చిగుళ్ళ సూక్ష్మజీవుల జాడ కనిపించిందని 2000లో ఒక పరిశోధన వచ్చింది. జాడ కనిపించినంత మాత్రాన నేరం రుజువవదు. దొంగతనం జరిగిన ఇంట్లో పాలవాడి వేలిముద్రలు కూడా ఉంటాయి. రెండో మాట నాకు ఎక్కువ నమ్మకంగా తోస్తుంది. చిగుళ్ళలో రగిలే వాపు ఒళ్ళంతటికీ సంకేతాలు పంపుతుంది, కాలేయం సీఆర్‌పీ అనే పదార్థాన్ని ఎక్కువగా తయారుచేస్తుంది, నాళాల లోపలి పొర మొండికేస్తుంది. 2007లో లండన్‌లో తొనెట్టి బృందం తీవ్రమైన చిగుళ్ళ జబ్బున్న 120 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు గట్టి వైద్యం చేసింది. మర్నాటికి ఆ గుంపులో నాళాల పనితీరు ఇంకా దిగజారింది, సీఆర్‌పీ పెరిగింది. కెలికాం కదా మరి. ఆరు నెలలకు మాత్రం రెండో గుంపు కన్నా మెరుగైంది. అంటే చిగురును ముట్టుకుంటే నాళం పలుకుతోంది. ఇది కొట్టిపారేయలేని సాక్ష్యం. అయితే నాళం పలకడం వేరు, గుండెపోటు తప్పడం వేరు.

సూక్ష్మజీవులే కారణమైతే మందుతో చంపేస్తే సరి కదా అని కొందరు అనుకున్నారు. అది కూడా చేసి చూశారు. గుండెజబ్బున్న 4,012 మందిలో సగానికి ఏడాదిపాటు వారానికోసారి అజిత్రోమైసిన్ ఇచ్చారు. వాళ్ళు వెతికింది వేరే సూక్ష్మజీవి కోసమే అయినా, 2005లో వచ్చిన ఫలితం అందరికీ పాఠం. గుండెపోట్లు తగ్గలేదు. మరి వాపునే అణిస్తే? 2017లో 10,061 మంది మీద, కొలెస్ట్రాలును ముట్టుకోకుండా వాపును మాత్రమే అణిచే ఖరీదైన సూదిమందు ప్రయోగించారు. గుండె ప్రమాదాలు 15 శాతం తగ్గాయి. ప్రాణాంతకమైన ఇన్‌ఫెక్షన్లు మాత్రం పెరిగాయి. వాపుకు గుండెజబ్బులో చేయి ఉందని దానితో రుజువైంది. ఆ చేయి చిగురుదే అని రుజువు కాలేదు.

వాపు, మందులు అంటూ ఇంతదూరం వచ్చాం కాబట్టి ఒక తెలుగు పేరు తలుచుకోవాలి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు పరిశోధనాధిపతిగా ఉన్న లెడర్లీ సంస్థలోనే బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్‌ను కనుగొన్నారు. టెట్రాసైక్లిన్ కుటుంబానికి అది పెద్దకొడుకు. 1948లో దాన్ని లోకానికి వెల్లడించిన కొద్ది వారాలకే, ఆగస్టులో, 53 ఏళ్ళ వయసులో సుబ్బారావుగారు నిద్రలోనే వెళ్ళిపోయారు. ఆ కుటుంబంలోదే డాక్సీసైక్లిన్. దాన్ని 20 మిల్లీగ్రాముల చిన్న మోతాదులో ఇస్తే సూక్ష్మజీవులను చంపకుండానే, చిగురును కరిగించే ఎంజైములను ఆపుతుందని తర్వాత లోర్న్ గోలబ్ బృందం చూపించింది. చిగుళ్ళ జబ్బుకు ఇప్పుడు అలా కూడా వాడతారు. సూక్ష్మజీవిని కాక ఒంటి జవాబును సరిదిద్దే మందు. శ్రీలంక కూలీలు చెప్పిన మాట ఇక్కడ మళ్ళీ వచ్చింది చూడండి.

చివరికి అసలు పరీక్ష. చిగుళ్ళకు వైద్యం చేస్తే గుండెపోట్లు తగ్గుతాయా? ఇది తేల్చాలంటే వేలమందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు వైద్యం చేసి, రెండో గుంపుకు చేయకుండా ఏళ్ళ తరబడి చూడాలి. నెత్తురు కారే నోటితో వచ్చినవాణ్ణి వైద్యం చేయకుండా కూర్చోబెట్టడానికి ఏ పళ్ళ డాక్టరు ఒప్పుకుంటాడు? అందుకే అంత పెద్ద పరీక్ష జరగలేదు. 2023లో అమెరికాలో పక్షవాతపు దెబ్బ తగిలిన 280 మంది మీద గట్టి వైద్యాన్నీ మామూలు వైద్యాన్నీ పోల్చారు. తేడా గణితానికి నిలబడలేదు. అంతకుముందే 2001లో హూయోల్ ఇంకో కోణంలోంచి చూశారు. అన్ని పళ్ళూ తీసేస్తే నోటి పుండు మొత్తం పోయినట్టే కదా, అలాంటివాళ్ళలో గుండెజబ్బు తగ్గిందా అని. తగ్గలేదు. 2012లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ లెక్కలన్నీ ముందేసుకుని, సంబంధం ఉన్నమాట నిజమేననీ, ఒకటి ఇంకొకదానికి కారణమని గానీ, చిగుళ్ళ వైద్యంతో గుండెజబ్బు ఆగుతుందని గానీ రుజువు లేదనీ చెప్పింది.

పళ్ళ డాక్టరుగారు క్యాలెండరు దించింది అంతకు చాలా ముందు. "ఇవాళ గుండె పేరు చెప్పి గార తీస్తాం. రేపు ఎవడికో గార తీయించుకున్నాక పోటొస్తుంది. అప్పుడు వాడు నన్నూ నమ్మడు, నిన్నూ నమ్మడు. పళ్ళు నిలుస్తాయి, నములుకు తింటావు, నోరు కంపు కొట్టదు అని చెప్పు. అది చాలదా మనిషికి?" అని ఒకనాడు సాయంత్రం కాలువ గట్టు మీద నడుస్తూ అన్నారు. నాకు అప్పుడు చాలదనిపించింది. ఇప్పుడు చాలుననిపిస్తోంది.

అయితే నా వెంట ఎందుకు పడ్డారు? ఒకే రోగి మా ఇద్దరి దగ్గరికీ వస్తాడు కాబట్టి. కింది దవడ నొప్పి అని ఆయన కుర్చీలో కూర్చున్న ఒక రైతును, "పంట్లో తప్పేం లేదు, నడిస్తే వస్తోంది, నిలబడితే పోతోంది" అని ఆటో ఎక్కించి నా దగ్గరికి పంపారు. ఈసీజీ తీస్తే గుండె. ఆయన ఒక పన్ను పీకి పంపేసి ఉంటే ఆ రైతు ఆ రాత్రి ఏమయ్యేవాడో. నేను ఇంకోవైపు నుంచి నేర్చుకున్నాను. స్టెంటు వేయించుకున్నవాళ్ళు పన్ను పీకించుకోవడానికి ముందు రక్తం పల్చబరిచే మాత్రలను తమంతట తామే ఆపేసుకుంటారు. అది చాలా ప్రమాదం. పంటి నెత్తురును పళ్ళ డాక్టరు దూదితో, కుట్టుతో ఆపగలడు. మూసుకుపోయిన స్టెంటును ఆయన తెరవలేడు. ఆపాలో వద్దో ఇద్దరు డాక్టర్లూ మాట్లాడుకుని చెప్పాలి. మా మధ్య ఆ మాటలు ఎక్కువగా చీటీల మీదే నడిచాయి. ముప్ఫై ఏళ్ళ చీటీలు నా బీరువాలో ఒక అట్టపెట్టెలో ఉన్నాయి.

ఇక్కడున్న వైద్యులకు ఒక మనవి. మీ ఓపీ చీటీలో బీపీ, షుగరు, పొగాకు అని మూడు గళ్ళుంటాయి. నాలుగో గడి గీయించండి: "తోముకునేటప్పుడు నెత్తురు వస్తోందా?" అడగడానికి పది సెకన్లు. అవునంటే పక్క వీధికి చీటీ రాయండి. గుండెపోటు తప్పుతుందని మాత్రం రాయకండి.

రేపు ఉదయం ఏడింటి నుంచి ఇదే హాల్లో ఉచిత శిబిరం. బీపీ బల్ల, షుగరు బల్ల పక్కనే ఈసారి చిగుళ్ళ బల్ల కూడా వేయిస్తున్నాం. బ్యానరు మీద గుండె బొమ్మ వేయవద్దని పెయింటరుకు చెప్పాను. షుగరు పరీక్షకు పరగడుపునే రండి. పళ్ళు మాత్రం తోముకునే రండి.